వంత పాడని ఆదివారం

గురువారం మధ్యాహ్నం రేడియో స్టేషన్ హాల్లో జందీరా మైకు ముందుకొచ్చేసరికే జనం కుర్చీల అంచులకి జరిగి కూర్చున్నారు. ఆమె ఇంకా నోరు తెరవకముందే వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు.

"నిన్న కొట్టి పోయాడు నా వాడు..." అని ఎత్తుకుంది.

"తలుపు తీస్తా, తలుపు తీస్తా!" హాలంతా ఒక్క గొంతుతో అందుకుంది.

"చెంప మీద వేలిముద్దర చెరగకముందే వస్తే..."

"తలుపు తీస్తా, తలుపు తీస్తా!"

ఆడవాళ్ళే ఎక్కువ గట్టిగా పాడుతున్నారు. నవ్వుతూ, పక్కవాళ్ళ భుజాలు తడుతూ పాడుతున్నారు. జందీరా వెనక ఒలెగారియో కంజిర వాయిస్తున్నాడు. పాట కట్టింది అతనే. తెల్ల సూటు, రెండు రంగుల బూట్లు, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. చరణానికీ చరణానికీ మధ్య కంజిరని చూపుడువేలి మీద బొంగరంలా తిప్పి, మోచేత్తో ఎగరేసి పట్టుకునేవాడు. వాళ్ళుండే గద్దల కొండ మొత్తంలో ఆ పని చెయ్యగలిగినవాడు అతనొక్కడే.

ఊరంతా వీధుల్లో ఆడిపాడే కార్నివాల్ ఇంకా నాలుగు వారాలుంది. శనివారం నాడు ఈ పాటనే గ్రామఫోను ప్లేటుగా రికార్డు చెయ్యాలని కంపెనీవాళ్ళు పిలిచారు.

కార్యక్రమం అయ్యాక పక్క గుమ్మం దగ్గర జనం మూగారు. ఒక లావుపాటి ఆవిడ పత్రికలోంచి చింపిన జందీరా ఫోటో పట్టుకొని తోసుకుంటూ వచ్చింది. పెన్సిల్ తియ్యడానికి చెయ్యి ఖాళీ లేక అటూ ఇటూ చూసి, చేతిలో సంచి ఒలెగారియోకి అందించింది.

"మీరు జందీరా గారి ఆయనేగా? కాస్త ఇది పట్టుకోండి బాబూ. జాగ్రత్త, చేపలు."

ఒలెగారియో పట్టుకున్నాడు. ఆవిడ జందీరా చేత సంతకం పెట్టించుకొని, తన చెల్లెలి కథా, చెల్లెలి మొగుడి కథా చెప్పి, మళ్ళీ సంచి అడిగేదాకా పట్టుకునే నిలబడ్డాడు. సంచి అడుగునుంచి నీచునీళ్ళు బొట్లు బొట్లుగా అతని తెల్ల ప్యాంటు మీద పడుతున్నాయి. ఎవడో కుర్రాడు అరిచాడు: "చూడండ్రా, జందీరా మొగుడు చేపలమ్ముతున్నాడు!"

అందరూ నవ్వారు. ఒలెగారియో కూడా నవ్వాడు. రైల్లో మాత్రం ప్యాంటు మీద మరకని గోటితో గీకుతూ కూర్చున్నాడు. కొండ మెట్లెక్కుతూ కనపడ్డవాళ్ళందరినీ పేరు పెట్టి పలకరించాడు, ముసలివాళ్ళకి టోపీ తీశాడు.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా రేకుల మీదే ఉంది. జందీరా కుంపటి ముందు వంగి బొగ్గులు రాజేస్తోంది.

"వాసనొస్తోందా?" అన్నాడు వెనక నుంచి.

"ఏంటి?"

"చేపల వాసన. నా దగ్గర."

"కొంచెం. విప్పివ్వు, ఇప్పుడే సబ్బు పెడతా. మరక పడదులే," అని తల తిప్పి నవ్వింది. మామూలు నవ్వే. ఆ నవ్వు పూర్తి కాకుండానే కంజిర చెక్కఅంచు వచ్చి నోటికి తగిలింది.

మొదటి దెబ్బకి ఆమె కుంపటి పక్కన కూలబడింది. రెండోది చెవి మీద పడింది. అతను అరవడం లేదు. పని చేస్తున్న మనిషిలా ఊపిరి తీసుకుంటూ కొడుతున్నాడు. జుట్టు పట్టుకొని లేపి, తలుపు చెక్కకి ఆనించి, అరచేత్తో ముఖాన్ని చెక్కకేసి రెండుసార్లు నొక్కాడు. "జందీరా మొగుడు... ఆఁ? ఎవడే జందీరా మొగుడు? నా పాట లేకపోతే నువ్వెవతివే?" పక్కింట్లో ఎపోనీనా వెల్లుల్లి దంచుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, మొదటికంటే గట్టిగా.

అతను ప్యాంటు విప్పి ఆమె పక్కన పడేసి, వేరేది తొడుక్కొని బయటికెళ్ళాడు.

జందీరా నాలుకతో తడుముకుంది. పైవరస ముందు పన్ను ఒకటి లేదు. దాని పక్కది కదులుతోంది. నేల మీద వెతికింది. పన్ను దొరకలేదుగానీ, కంజిర నుంచి ఊడిన రేకుబిళ్ళ ఒకటి దొరికింది. దాన్ని కిటికీ లోంచి విసిరేసి, ప్యాంటు నీళ్ళలో నానబెట్టింది.

* * *

శుక్రవారం పొద్దున్నే అత్తగారు వచ్చింది.

దియోలిందాకి అరవై రెండేళ్ళు. కొండ మీద సాంబా బడిలో, అంటే కార్నివాల్ ఊరేగింపులో ఆడిపాడే జట్టులో, వంత పాడే ఆడవాళ్ళు ముప్ఫై మందికీ ఆవిడే పెద్ద. పాట ఎవరు ఎత్తుకున్నా ఆవిడ గొంతు కదిలితేనే మిగతా గొంతులు కదులుతాయి. తక్కువ మాటల మనిషి. గుమ్మంలో నిలబడి కోడలి ముఖాన్ని చూసింది. గడ్డం పట్టుకొని వెలుగుకి తిప్పి చూసింది.

"ఉప్పునీళ్ళు పుక్కిలించు. లవంగం నమిలి ఆ సందులో పెట్టు. మాట్లాడకుండా ఉంటే తొందరగా మానుతుంది."

"రేపు రికార్డింగ్ అత్తా."

"తెలుసు," అని, తెచ్చిన లవంగాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జందీరా పనిలో పడింది. కింద ఊళ్ళో ముగ్గురు దొరసానుల ఇళ్ళ బట్టలు సాయంత్రానికి ఉడకబెట్టాలి. తెల్ల దుప్పట్లు విడిగా, చొక్కాలు విడిగా. కిరసనాయిలు డబ్బాలో బూడిద నీళ్ళు పోసి మూడు రాళ్ళ మధ్య మంట పెట్టింది. కర్రతో కుదుపుతుంటే దవడ లాగుతోంది. పెదవుల మధ్యనుంచి పాటలో మాటల్ని మెల్లిగా పలికి చూసుకుంది. "తలుపు" బాగానే వచ్చింది. "తీస్తా" అనేసరికి ఆ సందులోంచి గాలి తన్నుకొని సన్నగా ఈల వచ్చింది. ఇంకోసారి అంది. మళ్ళీ అదే ఈల. నాలుక వెనక్కి లాగి అంది. ఈల తగ్గిందిగానీ మాట మాటలా లేదు.

మధ్యాహ్నం ఒలెగారియో వచ్చి, నిన్న వండిన బీన్సు అన్నంలో కర్రపెండలం పిండి కలుపుకొని తిన్నాడు. "మెట్ల మీద పడ్డావని చెబుదాం," అన్నాడు తింటూ. తిన్నాక చొక్కా విప్పి మంచం మీద వెల్లకిలా పడుకొని నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. పళ్ళు తెల్లగా, వరసగా ఉన్నాయి.

జందీరా వాటి వైపే చూస్తూ కొంతసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి రెండు గుడ్డపేలికలు తీసుకుంది. మంట మీదున్న డబ్బాని రెండు వైపులా పేలికలతో పట్టుకొని ఎత్తింది. సలసల కాగుతున్న బూడిద నీళ్ళు. ఆవిరికి కళ్ళు మండాయి. గడప దాటింది. మంచం నాలుగడుగులుంది. మూడు. అతను నిద్రలో పొట్ట గోక్కున్నాడు.

వెనక నుంచి ఎవరో డబ్బా అంచు పట్టుకున్నారు, వట్టి చేత్తో.

దియోలిందా. ఎప్పుడొచ్చిందో. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. ఇద్దరూ మాట లేకుండా డబ్బాని అటూ ఇటూ లాగారు. కొద్దిగా ఒలికి జందీరా పాదం మీద పడింది. ముసలావిడ చేతుల్లో బలముంది. డబ్బాని వెనక్కి లాక్కొని వాకిట్లోకి తీసుకెళ్ళి మట్టి మీద కుమ్మరించింది. నేల నుంచి పొగలు లేచాయి.

"కొడుకని..." అంది జందీరా. "కొడుకని కాపాడుకున్నావ్. నన్నెవరు కాపాడతారు?"

దియోలిందా కాలిన చేతిని చన్నీళ్ళ బక్కెట్లో ముంచి ఉంచింది. "ఇది పోస్తే నువ్వు పదిహేనేళ్ళు జైల్లో పాడుకోవాలి," అంది. చెయ్యి తీసి గౌనుకి తుడుచుకొని మెట్లు దిగింది. ఒలెగారియో అటు తిరిగి పడుకున్నాడు.

ఆ ఇంట్లో ఆ ముసలిదాన్ని ఇంకెప్పుడూ అత్తా అని పిలవకూడదనుకుంది జందీరా.

* * *

రికార్డింగ్ కంపెనీలో సంగీతం చూసే ఆంతెనోర్ గారికి మంచివాడని పేరు. శనివారం జందీరా పెదవి చూసి కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు.

"మెట్ల మీద కాలు జారింది," అన్నాడు ఒలెగారియో.

"మీ కొండ మెట్లు బాగు చేయించుకోవాలయ్యా. నాకు తెలిసిన ప్రతి ఆడమనిషీ అక్కడే జారుతుంది," అన్నాడు ఆంతెనోర్. అద్దం అవతల రికార్డింగ్ యంత్రాల దగ్గర కూర్చున్న ఇద్దరు మెకానిక్కులూ నవ్వారు.

జందీరా పాడింది. గొంతు ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఇంకా బాగుందేమో కూడా. కానీ "తీస్తా" అన్నప్పుడల్లా ఆ ఈల. అద్దం వెనకవాళ్ళు ఒకసారి విన్నారు, రెండుసార్లు విన్నారు. మూడోసారి ఒకతను చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, పెదవులు సున్నా చుట్టి పక్కవాడికి ఈల వేసి చూపించాడు.

"వారం ఆగండి. పన్ను కట్టించుకొస్తా," అంది జందీరా.

"వారం ఎక్కడుందమ్మా? బుధవారానికి ప్లేటు అచ్చవ్వాలి. కార్నివాల్ ఎవరి కోసం ఆగుతుంది?" ఆంతెనోర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు. "చూడమ్మా, నువ్వు అర్థం చేసుకోవాలి. ఈ పాటలో ఆ అమ్మాయి దెబ్బలు తింటుంది. నిజమే. కానీ పళ్ళు ఊడగొట్టుకోదు. జనం నవ్వుకుంటూ వినాల్సిన పాట ఇది."

తర్వాత ఒలెగారియో వైపు తిరిగాడు. "మా దగ్గర మరిలూ అని ఒకమ్మాయుంది. గొంతు చిన్నదే గానీ నోరు ముద్దుగా ఉంటుంది. ఏమంటావ్? పాట నీది."

జందీరా భర్తని చూసింది. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పైగా అతని భుజాలు తేలికపడ్డట్టు కిందికి దిగాయి.

"పాటే ముఖ్యం సార్," అన్నాడు. "ఎవరు పాడితే ఏముంది?"

"అయితే రేపు మరిలూని తీసుకొని మీ కొండకొస్తా. మీ ఆడవాళ్ళ వంత దానికి వినిపించాలి. బావుంటే వాళ్ళనీ సోమవారం ఇక్కడికి పట్టుకొద్దాం. ఆ ముసలావిడ, మీ అమ్మగారు, ఆవిడ గొంతు ప్లేటు మీద పడాలయ్యా. అద్భుతం."

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఒలెగారియో కిటికీ చెక్క మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. జందీరా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కూర్చుంది. ఆ పాటతో ఆమె మూడు నెలలు ఊరంతా తిరిగింది. పాటలో ఆడదానికి తగిలినట్టే తనకీ నిజమైన దెబ్బ తగిలితే, తను ఆ పాట పాడడానికి ఇక పనికిరాదన్నమాట. ఆ సంగతి కొంచెం కొంచెంగా, ఒక్కో స్టేషన్ దాటుతుంటే అర్థమైంది.

* * *

ఆదివారం పదకొండింటికల్లా సాంబా బడి వాళ్ళు ఆడిపాడే మట్టి కళ్ళం నిండింది. మగవాళ్ళు పాత పేపర్లు మంటపెట్టి డోళ్ళ తోళ్ళు కాచుకుంటున్నారు. పెద్ద డోలు వాయించే సిన్వాల్ తోలు మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విని, మళ్ళీ మంటకి చూపిస్తున్నాడు. ఒలెగారియోకి అతను చిన్నప్పటి స్నేహితుడు.

జందీరా రానంది. దియోలిందాయే వచ్చి, చేతికి కట్టిన గుడ్డతోనే ఆమె రెక్క పట్టుకొని లేపింది. "పాడనక్కర్లేదు. వచ్చి నిలబడు."

"ఎందుకు? దానికి నేర్పడానికా?"

"వచ్చి నిలబడమంటున్నా."

అందుకని జందీరా వచ్చి, ఆడవాళ్ళ వెనక వరసలో ఎపోనీనా పక్కన నిలబడింది. ఎపోనీనా ఆమె వైపు చూడలేదు. చూడకుండానే చిటికెనవేలు చాపి ఆమె చిటికెనవేలు పట్టుకుంది.

ఆంతెనోర్ కారు కొండ కింద ఆపి, చెమటలు కక్కుతూ వచ్చాడు. వెంట మరిలూ, ఇరవై ఏళ్ళ పిల్ల, ఎత్తు మడమల చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది. వాళ్ళకి కుర్చీలు వేశారు, చల్లటి బీరిచ్చారు. ఒలెగారియో కొత్త కంజిరతో మధ్యలోకొచ్చాడు. దాన్ని వేలి మీద తిప్పాడు. డోళ్ళు అందుకున్నాయి. నేల అదిరింది.

"నిన్న కొట్టి పోయాడు నా వాడు..."

బదులు రాలేదు.

డోళ్ళు ఆ ఖాళీని దాటి ముందుకెళ్ళాయి. ఒలెగారియో నవ్వాడు. "ఎండకి గొంతులు ఎండిపోయినట్టున్నాయి మా వాళ్ళకి! మళ్ళీ!" తిరిగి ఎత్తుకున్నాడు. ముప్ఫై మంది ఆడవాళ్ళూ ఎప్పటిలాగే నడుములు ఊపుతూ, కాళ్ళు కదుపుతూనే ఉన్నారు. నోళ్ళు మాత్రం మూసి ఉన్నాయి. దియోలిందా ముందు వరస మధ్యలో నిలబడి కొడుకునే చూస్తోంది. మూడోసారి కూడా పల్లవి వెళ్ళి, చేతికందేవాళ్ళు లేని బంతిలా మట్టిలో పడింది.

ఆంతెనోర్ గ్లాసు కింద పెట్టాడు. "ఏమయ్యా, గొడవలేమైనా ఉన్నాయా?"

ఒలెగారియో కంజిర పక్కవాడికిచ్చి తల్లి దగ్గరికెళ్ళాడు. నవ్వు ముఖంతోనే, పళ్ళ మధ్యనుంచి అడిగాడు. "ఏంటమ్మా ఇది? పెద్దమనుషులొచ్చారు."

"చూశాను."

"మరి పాడు."

"పాడను."

"నన్ను నలుగుర్లో చంపుతున్నావే!"

"నలుగుర్లోనే నయంరా. ఇంట్లో తలుపేసి చంపితే ఎవరికీ తెలీదు."

అతను కొట్టాడు. అనుకొని కొట్టినట్టు లేదు. అలవాటైన చెయ్యి అలా లేచింది. దియోలిందా పక్కకి పడి, మోచెయ్యి కొట్టుకొని మట్టిలో కూర్చుండిపోయింది. డోళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. చివరికి సిన్వాల్ పెద్ద డోలు కూడా.

జందీరా వరసలు తోసుకొని వచ్చి ముసలావిడని పట్టుకుంది. ఒలెగారియో ఆమె జుట్టు అందుకున్నాడు. "నువ్వేనే నూరిపోసింది! నువ్వే!" అంటూ తల వెనక్కి గుంజాడు. పెదవి మళ్ళీ చిట్లింది. అప్పుడు ఎపోనీనా ముందుకొచ్చింది. ఇంకొకావిడ వచ్చింది. తర్వాత అందరూ. ఎవరూ అతని మీద చెయ్యి చెయ్యలేదు, తిట్టలేదు. గంజి పెట్టిన తెల్ల గౌన్లు గరగరమంటుంటే చుట్టూ దగ్గరగా, ఊపిరి తగిలేంత దగ్గరగా వచ్చి నిలబడ్డారు. అతని చెయ్యి కదలడానికి చోటు లేకపోయింది. జుట్టు వదిలాడు.

వాళ్ళ తలల మీదుగా మగవాళ్ళ వైపు చూశాడు. "సిన్వాల్! చూస్తావేంట్రా?"

సిన్వాల్ డోలు తోలు వైపు చూశాడు. ఎంతసేపటికీ తలెత్తలేదు. మిగతావాళ్ళు కూడా ఎవరి తోళ్ళు వాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. ఆడవాళ్ళు దారిచ్చారు. ఒలెగారియో చొక్కా సర్దుకొని, టోపీ తీసుకొని, ఆంతెనోర్ వెనకే కొండ దిగిపోయాడు. మరిలూ మాత్రం మెట్ల మలుపులో ఆగి, ఒకసారి జందీరాని చూసి, చెప్పులు చేత్తో పట్టుకొనే దిగింది.

దియోలిందా నోట్లో రక్తం ఉమ్మేసి, వేలితో లోపల తడుముకుంది.

"ఊడిందా అత్తా?" అంది జందీరా.

"ఇక్కడ ఊడ్డానికేముందే?" ముసలావిడ పెదవి పైకెత్తి చూపించింది. పక్కవైపు మూడు పళ్ళ మేర బోసిగా ఉంది. "ఇవి ముందే వీడి నాన్న తీసుకెళ్ళాడుగా. నా పెళ్ళయిన రెండో ఏడు."

ఎపోనీనా ఫక్కున నవ్వి తన నోరు తెరిచింది. "నావి రెండు. ఒకటి మొగుడు, ఒకటి పోలీసు." ఇంకో ఆవిడ దవడ చూపించింది. ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి వాళ్ళ మధ్య లేచింది. మగవాళ్ళు దూరంగా నిలబడి విన్నారు.

"అన్నేళ్ళూ వంత పాడాను," అంది దియోలిందా లేచి మట్టి దులుపుకుంటూ. "వాడి నాన్న పాటలకీ పాడాను. వాడి పాటకీ పాడాను. వాళ్ళ నాన్నవి వాడు నా ఒళ్ళో కూర్చొనే విన్నాడు." జందీరా వైపు తిరిగింది. "ఎత్తవే ఏదైనా."

"ఈల వస్తుందత్తా."

"రానీ."

జందీరా బట్టలు ఉతికేటప్పుడు పాడుకునే పాత పాటొకటి ఎత్తుకుంది. మొదటి పాదంలోనే ఈల వచ్చింది. ఆగలేదు. పాదం ముగిసేసరికి ముప్ఫై గొంతులూ అందుకున్నాయి. సిన్వాల్ చాలాసేపు చేతులు కట్టుకొని నిలబడి, రెండో చరణంలో, ఎవరినీ అడక్కుండా మెల్లిగా డోలు మొదలుపెట్టాడు.

* * *

ప్లేటు బుధవారానికే వచ్చింది. మరిలూ పాడింది, కంపెనీ కోరస్ వంత పాడింది. మూడు వారాల్లో ఊళ్ళో ఆ పాట మోగని కొట్టు లేదు. ఒలెగారియో కొండ మీదికి తిరిగి రాలేదు. కింద ఊళ్ళో గది తీసుకున్నాడనీ, ఇంకో పాట కడుతున్నాడనీ చెప్పుకున్నారు. రేడియో స్టేషన్ వాళ్ళు జందీరాని మళ్ళీ పిలవలేదు. ఆమె పన్ను కట్టించుకుందిగానీ అప్పటికి కార్యక్రమంలో ఆమె చోట వేరే పేరు పడిపోయింది. వారమంతా దుప్పట్లు ఉడకబెడుతుంది, ఆదివారం కళ్ళంలో పాడుతుంది. దియోలిందా మంచం ఇప్పుడు జందీరా ఇంట్లోనే ఉంది.

కార్నివాల్ ఆదివారం మధ్యాహ్నం గద్దల కొండ వాళ్ళు వరస కట్టి చౌరస్తాలో తమ వంతు కోసం నిలబడ్డారు. స్తంభానికి కట్టిన మైకులో ఆ పాట వేశారు. చౌరస్తా అంతా చేతులు పైకెత్తింది. పసిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, తలకి పూలు పెట్టుకున్న తల్లులు, పోలీసులు కూడా.

"తలుపు తీస్తా, తలుపు తీస్తా!"

గంజి గౌన్లలో ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్ళు మాత్రం నోరు కదపకుండా నిలబడ్డారు. కాగితపు టోపీ పెట్టుకున్న పెద్దాయనొకడు బీరు సీసాతో వాళ్ళ ముందుకొచ్చి, నవ్వుతూ జందీరాని మోచేత్తో పొడిచాడు.

"ఏమమ్మా, అలా నిలబడ్డారేంటి? ఊరంతా పాడుతుంటే మీకీ పాట రాదా?"

"వచ్చు," అంది జందీరా. "ఈ ఊరికి నేర్పింది నేనే."

అతను పరాచికమనుకొని పెద్దగా నవ్వి, పాడుకుంటూ జనంలోకి వెళ్ళిపోయాడు.